పాటలో చివరి పేరు

మా టెజ్ పాట దేశమంతటా నంబర్ వన్ అయిన వారంలో మా ఇంటికి కేకుల మీద కేకులు వచ్చిపడ్డాయి. కేరమెల్ కేకు, నిమ్మకాయ కేకు, పక్కవీధి వాళ్లు ఏకంగా ఒక బేసిన్ నిండా వేయించిన చేపలు. అభినందించడానికి కాదు, పరామర్శించడానికి. ఆ పాటలో మా అబ్బాయి చనిపోయాడని ఉంది. మా అబ్బాయి చనిపోలేదు.

టెజ్ నా చెల్లెలి కొడుకు. మార్టెజ్ అని పేరు పెట్టింది నేనే. ఇప్పుడు లోకానికి వాడు సండే టెజ్, పెద్ద ర్యాపర్, పళ్ల మీద బంగారం, మెడలో నా గేటు గొలుసంత లావు గొలుసు. నాకు మాత్రం ముక్కు చీదుకోవడం కూడా నేర్పితే గానీ రాని పిల్లాడు. వాళ్లమ్మ పోయిన రోజున చంకనేసుకుని తెచ్చాను. అప్పటి నుంచి వాడికీ నా కొడుకు ట్రెల్‌కూ ఒకే మంచం, ఒకే పళ్లెం. పొద్దుగూకే వేళ వరండాలో నిలబడి ట్రెల్‌ను పూర్తి పేరు పెట్టి ఒక్క కేక వేస్తే చాలు, వీధి చివరి నుంచి ఇద్దరూ పరుగెత్తుకుని వచ్చేవాళ్లు.

మెంఫిస్‌లో మా వీధిలో జడలు అల్లడం నా పని. మాడుకు అంటించి, పాయలు తీసి, బిగించి అల్లే సన్న జడలు. ఆడవాళ్లూ మగవాళ్లూ నా ముందుగది కుర్చీలో పూటంతా కూర్చుంటారు. వాళ్ల కబుర్లు విని విని టెజ్‌కు మాటలు వచ్చాయి. వాడి కడుపులో ఏ మాటా దాగేది కాదు. ఎవరి మొగుడు ఎవరింట్లో భోంచేశాడో, ఏ పాస్టరు విగ్గు పెట్టుకుంటాడో ప్రాస కట్టి వీధంతా చదివేవాడు. ఆ నోటికే దెబ్బలు తిన్నాడు. ఆ నోటి కోసమే తర్వాత జనం టికెట్లు కొన్నారు. ఆదివారాలు చర్చిలో పాడిన గొంతు కాబట్టి సండే అని ముందు తగిలించుకున్నాడు. మా బట్టల అలమరాలో దుప్పట్లు మేకులు కొట్టి వేలాడదీసి, అందులో దూరి మొదటి పాటలు రికార్డు చేశాడు. బయట కూర్చుని మీటలు నొక్కింది ట్రెల్.

ఇప్పటి ర్యాపర్లు పాట రాసుకోరు. మైకు ముందు నిలబడి ఒక ముక్క అంటారు, ఆగుతారు, ఇంకో ముక్క అంటారు. నోటికి ఏది వస్తే అది. పొద్దున అన్న మాట సాయంత్రానికి లోకం వింటుంది. మా రోజుల్లో అయితే మధ్యలో ఎవరో ఒకరు ఆగి ఇది నిజమేనా అని అడిగేవాళ్లు.

ట్రెల్‌ను కాల్చినప్పుడు టెజ్ పడమటి ఊళ్లలో కచేరీల మీద ఉన్నాడు. మూల మీది పెట్రోలు బంకు దగ్గర కాల్చారు. మావాళ్లలో అంబులెన్సు కంటే ముందు సంతాపం వస్తుంది. నా కొడుకు ఇంకా నేల మీద ఊపిరి పీలుస్తూనే ఉన్నాడు, అప్పటికే వాడి ఫొటోకు రెక్కలు తగిలించి, మబ్బుల్లో నిలబెట్టి ఫోన్లలో పెట్టేశారు. అది చూశాడు టెజ్. నాకు ఫోన్ చేశాడు, నేను ఎత్తే స్థితిలో లేను. ఆ ఊళ్లోనే ఒక స్టూడియోలోకి వెళ్లి ఏడుస్తూ పాట చెప్పేశాడు. పాట చివర వాయిద్యాలన్నీ ఆగిపోతాయి. మా వీధిలో చనిపోయిన స్నేహితుల పేర్లు ఒక్కొక్కటే పిలుస్తాడు. చివరి పేరు ట్రెల్.

ఇక్కడ ఆసుపత్రిలో తుపాకి దెబ్బ తిన్నవాళ్లను వేరే పేరుతో చేర్చుకుంటారు, వెతుక్కుంటూ వచ్చినవాళ్లకు దొరకకూడదని. నడుము కింద చచ్చుబడిన మా వాణ్ని ఎవరో ముసలాయన పేరుతో పడుకోబెట్టారు. మర్నాడు ఇద్దరు కుర్రాళ్లు పూలు పట్టుకుని వచ్చి, "మా అన్న ట్రెల్ ఏ గదిలో ఉన్నాడండీ" అని మర్యాదగా అడిగారు. నేను కాఫీ యంత్రం పక్కన నిలబడి విన్నాను. వాళ్లు డాంట్రే మనుషులు. కాల్చింది డాంట్రే అని మా వీధిలో పసిపిల్లలకు కూడా తెలుసు. సొంత కళ్లతో చూసినవాడు మాత్రం ట్రెల్ ఒక్కడే. ఆ తర్వాత టెజ్ పాట వచ్చింది. ఇక పూలు పట్టుకుని ఎవరూ రాలేదు. తమ్ముడే అన్న చనిపోయాడని పాడుతుంటే ఇంకెవరు వెతుకుతారు?

అందుకని కేకులు పుచ్చుకున్నాను. ఏడవమన్నప్పుడు ఏడ్చాను, ఏడుపేమీ అరువు తెచ్చుకోనక్కర్లేదు. శవం ఏదంటే, మిసిసిపీ తీసుకుపోయి మా నాయన పక్కన పాతిపెట్టాం, ఇంటివాళ్లమే ఉన్నాం అని చెప్పాను. టెజ్ ఊరు చేరేసరికి వాడికీ అదే చెప్పాను. తనను పిలవలేదని పాస్టరు ఇప్పటికీ మొహం ముడుచుకునే ఉన్నాడు. వీధివాళ్లు ట్రెల్ బొమ్మతో టీషర్టులు వేయించారు, మబ్బులూ పావురాలూ, కింద పుట్టిన తేదీ, పోయిన తేదీ. పుట్టిన తేదీ కూడా తప్పే. ఆ చొక్కానే నేను చర్చికి వేసుకుపోతున్నాను. వాడు బతికున్నాడని పోలీసులకు తెలుసు, కాల్చిందెవరో మాత్రం వాడు వాళ్లకు చెప్పలేదు. వాళ్లు నిజం చెప్పినా మా వీధిలో పోలీసు మాట ఎవడు నమ్ముతాడు? నేను చేసింది తప్పని ఎవరైనా అంటే అననీ. వాళ్ల కొడుకులకు ఎవరూ పూలు తేలేదు.

ట్రెల్ ఇప్పుడు మిసిసిపీ డెల్టాలో పత్తి చేల మధ్య నా ఇంకో చెల్లెలు ఎర్లీన్ ఇంట్లో ఉన్నాడు. చక్రాల కుర్చీ. నడుము నుంచి కిందికి ఏమీ తెలియదు. వాడు అక్కడున్న సంగతి నాకూ ఎర్లీన్‌కూ తప్ప ఇంకెవరికీ తెలియదు. టెజ్‌కు కూడా. వాడి చెవిన వేస్తే రేడియోలో వేసినట్టే.

రెండేళ్లు అలా నడిచింది. ఈ జూన్‌లో మా ఊళ్లో నది ఒడ్డున వాడి కచేరీ పెట్టారు, మధ్యాహ్నం ఎండలో. ఎంత పెద్దవాడైనా మా ఊళ్లో పాడేముందు జడలు నా చేత్తోనే అల్లించుకుంటాడు. పొద్దున్నే వచ్చాడు. కళ్లు చింతనిప్పుల్లా ఉన్నాయి. చేతిలో ఊదారంగు గ్లాసు, మత్తు కోసం దగ్గుమందు కలిపిన సోడా. లాక్కుని సింకులో పోశాను. కుర్చీలో కూలబడ్డాడు.

"నిద్రపోతున్నావా అసలు?"

"బస్సులో పోతున్నా పెద్దమ్మా."

"కదిలేది బస్సు. నిద్రపోయేది నువ్వు కాదు. మెడ వంచు."

"అబ్బా, మెల్లగా. పుర్రె ఊడొచ్చేట్టుంది."

"ఊడితే మంచిదే, లోపల ఏముందో చూడొచ్చు. ఊళ్లన్నీ తిరిగి వచ్చావు, ఒక్కళ్లూ నీ తలకి నూనె రాయలేదా? ఎండిపోయి గడ్డిలా ఉంది."

నవ్వాడు, కానీ అద్దంలో వాడి మొహం నవ్వలేదు. ఎడమవైపు జడలు అల్లాను. సగం తల అయింది. అప్పుడన్నాడు.

"పెద్దమ్మా, ఇవాళ పేర్ల దగ్గర ఇంకో పేరు చెప్తా."

"ఎవర్రా పోయింది?"

"పోయినోడు కాదు. పంపినోడు."

నా దువ్వెన ఆగిపోయింది.

"డాంట్రే పేరు," అన్నాడు. "పూర్తి పేరు. ఏ ఇంట్లో ఉంటాడో కూడా. మన ఊరి నడిబొడ్డున, అందరూ వినేట్టు."

"చెప్తే ఏమవుద్దో తెలుసా నీకు?"

"తెలుసు."

"తెలీదు. నీ మెప్పు కోసం ఎవడో ఒక వెధవ పొద్దుగూకే లోపు పోయి వాణ్ని చంపుతాడు. తర్వాత కోర్టులో నీ వీడియో పెట్టుకుని చూస్తారు. ఇంకేం సాక్ష్యం కావాలి వాళ్లకి? నీ నోరే నిన్ను లోపలేస్తుంది."

"వెయ్యనీ. బయటుండి ఏం బావుకుంటున్నా?"

"ఒడెస్సమ్మ మనవడ్రా వాడు. మీ ముగ్గురికీ ఒకే గిన్నెలో వండి పెట్టిన మనిషి ఆవిడ."

"అందుకే గదా పెద్దమ్మా, వాడు అంత దగ్గరకొచ్చినా ట్రెల్ పారిపోలేదు. తెలిసిన మొహమని నిలబడ్డాడు."

అదే మాట నేను కూడా ఎన్నోసార్లు అనుకున్నాను.

"ఊరూరా ట్రెల్ పేరు పిలుస్తున్నా," అన్నాడు టెజ్. "ఆ పాట లేకుండా దిగితే జనం ఊరుకోరు. పాడిన ప్రతిసారీ వాణ్ని పాతిపెట్టి వస్తున్నా. అవతల డాంట్రేగాడేమో బంకు దగ్గర నిలబడి చిప్సు తింటున్నాడు. ఒక్కసారి చెప్పనీ నన్ను."

వాడి తల నా చేతుల్లో ఉంది. ఒకపక్క నేను కన్న కొడుకు, ఒకపక్క నేను పెంచిన కొడుకు. ట్రెల్ బతికున్నాడని చెప్పకపోతే వీణ్ని జైలు మింగుతుంది. చెప్తే వీడి నోరు వాణ్ని మింగుతుందేమో. ఒడెస్సమ్మ కూడా కళ్ల ముందు మెదిలింది, ప్రతి నెలా ఇదే కుర్చీలో కూర్చుని, నా మొహం చూడలేక నేల చూసే ముసలావిడ. ఇంకో ఇంటికి కేకులు మోసుకెళ్లే ఓపిక నాకు లేదు. వెళ్లి తలుపు గడియ పెట్టాను. ఎలాగూ సగం తల విరబోసుకుని వాడు ఎక్కడికీ పోలేడు. ఎర్లీన్‌కు ఫోన్ చేశాను.

"ఫోన్ వాడికియ్యవే," అన్నాను.

"ఏంటమ్మా, ఈ టైంలో చేశావ్? కుర్చీ ఖాళీగా ఉందా?" అవతల ట్రెల్ ఆవలిస్తున్నాడు.

"ఖాళీగా లేదు. టెజ్ కూర్చున్నాడు. ఇవాళ కచేరీలో డాంట్రే పేరు చెప్తానంటున్నాడు. మాట్లాడు."

ఫోన్ తీసుకెళ్లి టెజ్ చెవికి ఆనించాను.

"ఏరా బాతూ," అన్నాడు ట్రెల్. నడక చూసి పెట్టిన పేరు, వాడు తప్ప ఎవరూ అలా పిలవరు. "నా చావు మీద బాగా పైకొచ్చావంట గదా. చొక్కా మీద పుట్టినరోజన్నా సరిగ్గా వేయించొద్దట్రా?"

టెజ్ కదల్లేదు. అద్దంలో తనను తాను చూసుకుంటూ అన్నాడు, "నువ్వు పోయావుగా."

"పోయి డెల్టాలో తేలాను. ఇక్కడి దోమల్ని చూస్తే నరకమే అనుకో. కాళ్లు పోయినాయిరా. మిగతాదంతా ఉంది."

టెజ్ నవ్వడం మొదలుపెట్టాడు. అది ఎక్కడ ఏడుపయిందో నాకు తెలియలేదు. కుర్చీలోంచి జారి నేల మీద, కత్తిరించిన జుట్టు మధ్య కూర్చున్నాడు. చాలాసేపటికి నావైపు తిరిగాడు. చిన్నప్పుడు కూడా వాడు నన్ను అలా చూడలేదు.

"పండక్కి నా పక్కన కూర్చుని వాడి ఖాళీ కుర్చీ ముందు ప్లేటు పెట్టావు. నేను ఏడుస్తుంటే వీపు నిమిరావు. అంతా తెలిసే."

"అవును, తెలిసే. అవసరమైతే మళ్లీ పెడతా."

"నన్ను నమ్మలేదా పెద్దమ్మా?"

"నీ మనసుని నమ్మా. నోటినే నమ్మలేదు."

"మరి నా పాట? అదంతా అబద్ధమేగా?"

"ఆ పాటే వాణ్ని బతికించింది. తెలియక చేసిన మంచిపని అది. తెలిసి చెడగొట్టకు."

ఫోన్‌లోంచి ట్రెల్ అందుకున్నాడు. "బాతూ, డాంట్రే పేరు ఎత్తమాక. ఎత్తితే వాళ్లోళ్లు తిరిగి ఎవర్ని కొడతారు? నువ్వు బస్సెక్కి పోతావ్. అమ్మ ఇదే కుర్చీ పక్కన నిలబడి ఉంటది."

టెజ్ నా కాళ్లవైపు చూశాడు. సరే అన్నాడు. మాటిచ్చినట్టేనా అని అడిగాను, మాట అన్నాడు. నా సంగతి కూడా ఎవరికీ చెప్పకు అని ట్రెల్ అంటే దానికీ సరే అన్నాడు. మిగతా సగం తల అల్లాను. కుడివైపు పాయలు వంకరపోయాయి. ఆ రోజు కెమెరాలన్నింటిలో ఆ వంకర కనిపించింది.

నది ఒడ్డున ఇసుక వేస్తే రాలనంత జనం. ఎక్కడ చూసినా నా కొడుకు బొమ్మ చొక్కాలు. నన్ను వేదిక మీద పక్కగా నిలబెట్టారు, తల్లిని కాబట్టి. టెజ్ పాడుతున్నాడు. అలా పాడగా నేను ఎప్పుడూ చూడలేదు. గెంతుతున్నాడు, జనంతో పరాచికాలాడుతున్నాడు, అలమరాలో దుప్పట్ల మధ్య పాడిన పిల్లాడే మళ్లీ వచ్చినట్టుంది. వాడి మొహంలో సంతోషం చూసిన కొద్దీ నాకు చెమటలు పట్టాయి. దుఃఖాన్ని వాడు దాచగలడేమో గానీ సంతోషాన్ని దాచడం ఈ జన్మలో వాడివల్ల కాదు.

చివరికి ఆ పాట వచ్చింది. వాయిద్యాలు ఆగిపోయాయి. వాడు "కర్టిస్" అన్నాడు. జనమంతా కర్టిస్ అన్నారు. ఎవరి దగ్గర ఎవరి బొమ్మ ఉంటే ఆ చొక్కా అంచు పట్టుకుని పైకెత్తుతారు, అది మా పద్ధతి. "బ్రోడెరిక్" అన్నాడు. బ్రోడెరిక్ అన్నారు. "బిగ్ లెమాంట్" అన్నాడు. వాళ్లూ అన్నారు. తర్వాత ఆగిపోయాడు.

జనం ఏడుస్తున్నాడనుకున్నారు. ఎవరో ధైర్యంగా ఉండన్నా అని అరిచారు. నాకు కనిపిస్తోంది వాడి మొహం. పెదవులు వణుకుతున్నాయి, కానీ ఏడుపుతో కాదు. చిన్నప్పుడు ఇంట్లో రహస్యం మోసుకుని వీధిలోకి పరుగెత్తే ముందు సరిగ్గా అలాగే ఉండేది ఆ మూతి.

"మీకో మాట చెప్పాలి," అన్నాడు మైకులో. "ఇన్నాళ్లూ ఈ పాటలో..."

కంచె దగ్గర టోపీ కళ్ల మీదికి లాక్కుని నిలబడిన ఒకణ్ని చూశాను. డాంట్రే. రాకుండా ఉండలేడు, రాకపోతే వీధిలో తలెత్తుకోలేడు. వాడూ చెవులు రిక్కించి వింటున్నాడు.

నేను ఆలోచించలేదు. టెజ్ వెనక నిలబడి పాట చివరి మాటలు అందుకునే అతని చేతిలోంచి మైకు లాక్కుని ముందుకు నడిచాను. మా దగ్గర తల్లి నోరు విప్పితే ఎంతటి పాటగాడైనా ఆగాల్సిందే. టెజ్ ఆగాడు.

"మొంట్రెల్ డ్వేన్ గెయిన్స్," అని పిలిచాను.

రెండేళ్లుగా ఆ పేరు పైకి పిలవలేదు. ఆ పేరు పిలవడానికి నాకున్నది ఒకటే గొంతు. పొద్దుగూకే వేళ వరండాలోంచి పిలిచే గొంతు. ఆ గొంతే వచ్చింది. బతికున్న నా కొడుకును నా నోటితో నేనే చచ్చినవాళ్ల చివర నిలబెట్టాను. జనమంతా ఆ పేరు తిరిగి అన్నారు. నది అవతలి ఒడ్డుకు కూడా వినపడి ఉంటుంది. చొక్కాలు పైకి లేచాయి. నా చొక్కా అంచు కూడా పట్టుకుని ఎత్తాను. కంచె దగ్గర డాంట్రే టోపీ తీశాడు. వాడి పెదవులు కూడా కదిలాయి. వాడు తల దించుకునేదాకా చూపు తిప్పుకోలేదు నేను.

టెజ్ మోకాళ్ల మీద కూలబడి నా నడుము పట్టుకున్నాడు. ఎంత ప్రేమో అని జనం ఫోన్లు ఎత్తి తీసుకున్నారు. వాడు నా పొట్టలో మొహం దాచుకుని, "ఎప్పటికీ ఇలాగేనా పెద్దమ్మా, ఎప్పటికీ ఇలాగేనా" అంటున్నాడు. "లే," అన్నాను. "పాట పూర్తి చెయ్యి." చేశాడు.

అయ్యాక బస్సులో కూర్చున్నాం, మాటల్లేకుండా. ఫోన్ మోగింది. ఎర్లీన్.

"ఏం చేశావే అక్కా నువ్వు?" ఆయాసపడుతోంది. "టీవీలో చూస్తూ హాయిగా నవ్వుకుంటూ ఉన్నాడు, నువ్వు పేరు పిలిచావో లేదో... ఉండు, వాడే అడుగుతున్నాడు."

"అమ్మా." ట్రెల్ గొంతు చిత్రంగా ఉంది. "తప్పంతా నీదే. భోజనానికి పిలిచినట్టు పిలిచావు."

"పిలిస్తే ఏమైందిరా?"

"ఏముంది. వస్తున్నా అని లేచాను."

ఫోన్ చెవికి ఇంకా గట్టిగా నొక్కుకున్నాను.

"ఏం కాలేదులే," అన్నాడు. "కుర్చీలోంచి ముందుకు పడ్డాను. మోకాలు చెక్కుకుపోయి రక్తం వస్తోందంట. పిన్ని చూసి చెప్తే తెలిసింది."

పక్కన టెజ్ ఏమన్నాడు, ఏమన్నాడు అని నా చెయ్యి పట్టి లాగుతున్నాడు.